మరిచిపోవలసిన కొలతల జాబితా

నాకు ప్రమోషన్ వచ్చింది బీరువా తాళం వల్ల. మా షాపులో ఇనప బీరువా ఒకటే ఉంది. దాని తాళంచెవి పన్నెండేళ్ళుగా నా కొంగుకే ఉంటోంది. హైదరాబాదు నుంచి వచ్చిన సలహాదారు గారు "ఈ సంస్థలో సమాచారం మీద నియంత్రణ ఎవరి చేతిలో ఉంది?" అని అడిగేసరికి అందరూ నా కొంగు వైపు చూశారు. ఆ సాయంత్రానికల్లా నేను దత్తాంశ రక్షణాధికారిణిని అయిపోయాను. జీతం పెరగలేదు, కుర్చీ మారలేదు. మెడలో ఒక బిళ్ళ మాత్రం వేలాడింది. దాని మీద నా పేరు లేదు. సత్యవేణి అని రాస్తే అది వ్యక్తిగత దత్తాంశం అవుతుందన్నారు.

తణుకులో మాది ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే షాపు. ఒకప్పుడు రెండు మిషన్లు, ఒక బల్ల. ఇప్పుడు ముప్ఫై మిషన్లు, పాలకొల్లులోనూ తాడేపల్లిగూడెంలోనూ బ్రాంచీలు, పేరు చివర ప్రైవేట్ లిమిటెడ్. మా యజమాని భానోజీరావు గారు మంచివారే. కాకపోతే ఇంగ్లీషులో ఉన్న కాగితం ఏది వచ్చినా ముందు భయపడి, తర్వాత చదువుతారు. అలాంటి కాగితం ఒకటి ఓ పెద్ద ఆస్పత్రి నుంచి వచ్చింది. వాళ్ళ నాలుగు వందల మంది నర్సులకి యూనిఫారాలు కుట్టే పని మాకిస్తారట. నర్సుల కొలతలు వ్యక్తిగత సమాచారం కనుక, దాన్ని మేం భద్రంగా చూసుకుంటామని ముందుగా రుజువు చూపించాలట. భానోజీరావు గారు ఆ కాగితం పట్టుకుని రెండు రోజులు షాపంతా తిరిగారు. మూడో రోజు హైదరాబాదు నుంచి సలహాదారు నిశ్చల్ గారు దిగారు.

నిశ్చల్ గారికి ముప్ఫై ఏళ్ళుంటాయి. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మొత్తం ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని తిరుగుతారు. అందులో ఏముందో తర్వాత ఒకసారి మా మరిది చేత చదివించుకున్నాను. అవసరమైనంతే తీసుకో, పని అయ్యేదాకే ఉంచుకో, అడక్కుండా ఇంకొకరికి ఇవ్వకు అని ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే మాటలే. మిగతావన్నీ నిశ్చల్ గారి స్లైడుల్లోవి.

"మీరు దత్తాంశాన్ని ఎక్కడ నిల్వ చేస్తున్నారు?" అని అడిగారు మొదటి రోజు.

"దత్తాంశం అంటే ఏటండీ?" అన్నారు భానోజీరావు గారు.

"ఒక వ్యక్తిని గుర్తించడానికి వీలున్న ఎటువంటి సమాచారమైనా."

భానోజీరావు గారు వంగి కటింగ్ బల్ల కింద ఉన్న మూటలు చూపించారు. మా ఊళ్ళో ఆడవాళ్ళు టేపుతో కొలతలు ఇవ్వరు. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టొకటి తెచ్చి, కొత్త గుడ్డలో చుట్టి ఇస్తారు. దాన్ని ఆది జాకెట్టు అంటాం. దాన్ని చూసే కత్తిరిస్తాం. నిశ్చల్ గారు ఒక ఆది జాకెట్టుని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, చాలాసేపు చూసి, "ఇది పూర్తిగా అరక్షిత స్థితిలో ఉంది" అన్నారు.

మర్నాటి నుంచి సంస్కరణలు మొదలయ్యాయి. షాపుకి వచ్చే ఆవిడని ఇకమీదట అమ్మా అనకూడదు, దత్తాంశ స్వామిని అనాలి. ఆవిడ ముందుగా పదకొండు పేజీల సమ్మతి పత్రం చదివి సంతకం పెట్టాలి. ఆది జాకెట్టు తెచ్చిన వెంటనే కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, నా బీరువాలో దాచాలి. ముద్ర విప్పకూడదు. విప్పకుండా కొలతలు ఎలా చూడాలని అడిగాను. నిశ్చల్ గారు దానికీ ఒక పద్ధతి చెప్పారు. కవరు విప్పడానికి అధికారం ఉన్న ఒక్క మనిషి మెడ కొలత ఒక చీటీ మీద, చేతుల కొలత ఇంకో చీటీ మీద, నడుం కొలత మరో చీటీ మీద రాసి, ఒక్కో చీటీకి ఒక్కో వేరే నంబరు వేసి, వేరే వేరే మనుషులకి ఇవ్వాలి. ఎవరికి తెలియవలసింది వాళ్ళకే తెలియాలి. ఏ ముక్క ఎవరిదో కలిపి చూసే అధికారం ఎవరికీ ఉండదు.

హుక్కులు కుట్టే నాగరత్నం చెయ్యెత్తింది. "మరి ముక్కలన్నీ కలిపి కుట్టేదెవరండీ?"

"చాలా మంచి ప్రశ్న," అన్నారు నిశ్చల్ గారు. "దీన్ని రెండో దశలో పరిశీలిద్దాం."

మొదటి దశలో నూట ఎనభై జాకెట్లు తయారయ్యాయి. ట్రెజరీ ఆఫీసులో పనిచేసే ఉమాదేవి గారు తన జాకెట్టు తొడుక్కుని, పైన చీర కొంగు కప్పుకుని, నేరుగా కౌంటరు దగ్గరికి వచ్చారు.

"కుడి చెయ్యి నాదే. ఈ ఎడమ చెయ్యి ఎవరిదే సత్యవేణీ?"

"అది వేరే దత్తాంశ స్వామిని గారి వ్యక్తిగత సమాచారమండీ. చెప్పకూడదండీ."

"ఆవిడ చెయ్యి నా ఒంటి మీదుంటే నాకు చెప్పకూడదా?"

"ఆవిడ సమ్మతి ఉండాలండీ."

ఉమాదేవి గారు నన్ను అన్న మాటల్ని నేను నమోదు చెయ్యలేదు. అవీ వ్యక్తిగతమే కదా.

ఈ గందరగోళంలోంచి మమ్మల్ని గట్టెక్కించింది మీరావలి మాస్టారు. ఆయన మా కటింగ్ మాస్టరు. భానోజీరావు గారి నాన్నగారు రెండు మిషన్లతో షాపు పెట్టినప్పుడు అందులో ఒక మిషను మాస్టారిది. నలభై ఒక్క ఏళ్ళుగా అదే బల్ల దగ్గర నిలబడుతున్నారు. ఆయనకి చీటీ అక్కర్లేదు, పుస్తకం అక్కర్లేదు, ఒకసారి కుట్టాక ఆది జాకెట్టు కూడా అక్కర్లేదు. మనిషి గుమ్మం ఎక్కుతుంటే కళ్ళజోడు మీంచి ఓ చూపు చూసి, సుద్దతో గీత గీసేస్తారు. పాడైపోయిన జాకెట్లన్నీ ఆయన విప్పించి మళ్ళీ కత్తిరించారు. నాలుగు రోజుల్లో తిట్లు ఆగిపోయాయి. ఐదో రోజున నిశ్చల్ గారికి అనుమానం వచ్చింది.

"ఫిర్యాదులు లేవేం?" అన్నారు. ఫిర్యాదులు లేకపోవడం పద్ధతి అమలు కాకపోవడానికి సూచన అట. మూల కూర్చుని గంటసేపు మాస్టారినే గమనించారు. తర్వాత లేచి, స్వరం తగ్గించి భానోజీరావు గారితో అన్నారు: "ఈయన చూస్తున్నారు."

"చూడకపోతే ఎలాగండీ?"

"ముందస్తు సమ్మతి లేకుండా చూపు ద్వారా దత్తాంశ సేకరణ జరుగుతోంది. అంతకన్నా తీవ్రమైన విషయం, సేకరించినది నలభై ఏళ్ళుగా తొలగించలేదు. మీ సంస్థలో నమోదు కాని నిల్వ పరికరం ఒకటి నడుస్తోంది."

"అది తలకాయండీ," అన్నారు భానోజీరావు గారు.

"సాంకేతికంగా తేడా లేదు."

ఆ పూటే మాస్టారి బల్లని గోడ వైపు తిప్పేశారు. వచ్చేవాళ్ళకి మాస్టారి వీపు కనబడేది, మాస్టారికి సున్నం కనబడేది. తలలో ఉన్నదాన్ని తొలగించే పని ఇంక మిగిలింది. నిశ్చల్ గారు దానికో ఉత్తర్వు తయారుచేశారు. మాస్టారు తనకి గుర్తున్న కొలతలన్నీ మరిచిపోవాలి. మరిచిపోయాక ఆస్పత్రి వాళ్ళు ఒక ఆడిటరుని పంపి పరీక్ష పెడతారు. అయితే ఏమేం ఉన్నాయో తెలియకుండా ఏమేం తొలగించామో చెప్పలేం కనుక, ముందుగా మాస్టారు గుర్తున్నవన్నీ ఒక జాబితాగా రాయించాలి. ఆ జాబితాకి 'మరిచిపోవలసిన కొలతల జాబితా' అని పేరు పెట్టారు. రాసే పని నాది.

ఆరు రోజులు రాశాను. మాస్టారు స్టూలు మీద కూర్చుని, గోడకేసి చూస్తూ, ఊరిని ఒక్కొక్క గుమ్మమే చెప్పుకుంటూ పోయారు.

"పైడిపర్రు సుభద్రమ్మ గారు. కుడి భుజం అరంగుళం దిగువ. చిన్నప్పుడు బిందెలు ఆ పక్కనే మోశారమ్మా. పాలకేంద్రం చిట్టెమ్మ. చంక దగ్గర లూజుండాలి, ఆవిడ చెయ్యెత్తకుండా మాట్లాడలేరు. కోర్టు గుమాస్తా గారి రెండో కోడలు. వెనక మెడ బాగా పైకుండాలి."

"ఎందుకండీ?"

"నేనడగలేదమ్మా. ఆ అమ్మాయి చెప్పలేదు."

అప్పటిదాకా ఆ పేర్లన్నీ నాకు డెలివరీ పుస్తకంలో నంబర్లే. ఆ ఆరు రోజుల్లో మాత్రం ఊళ్ళో ఆడవాళ్ళు ఏం మోశారో, ఎక్కడ నొప్పి పెట్టుకున్నారో ఒక్కొక్కటిగా తెలిసింది. అన్నీ ఆ మనిషికి తెలుసని, ఎవరితోనూ ఎప్పుడూ అనలేదని కూడా తెలిసింది. రెండు వేల మూడు వందల పదహారు పేర్ల దగ్గర ఆయన ఆగి, మంచినీళ్ళు తాగి, అంతేనమ్మా అన్నారు.

"వకుళ టీచరు గారు?" అన్నాను.

వకుళ గారు మునిసిపల్ హైస్కూల్లో లెక్కల టీచరు. తొమ్మిదేళ్ళుగా ఆదివారం మధ్యాహ్నం రెండింటికే వస్తారు. ఆ వేళకి మిషన్లు ఆగిపోయి, మాస్టారూ నేనూ మాత్రమే ఉంటాం. ఆవిడ జాకెట్టు మాస్టారే కత్తిరించి, మాస్టారే కుట్టి, హుక్కులు కూడా నాగరత్నానికి ఇవ్వకుండా తనే కుట్టేవారు. పెద్ద చదువుల ఆవిడ కదా, మా చేతి పని నచ్చదేమోనని నేను కొంచెం ఉడుక్కునేదాన్ని కూడా.

"ఆవిడెవరో నాకు తెలీదమ్మా," అన్నారు మాస్టారు.

ఆయన నోటి వెంట అబద్ధం వినడం నాకదే మొదటిసారి.

జాబితా అత్యంత రహస్యం. కాబట్టి దాన్ని బయట ప్రింటుకి ఇవ్వకుండా మా ప్రింటరు మీదే ఏడు కాపీలు తీసి, ఏ పేరైనా తప్పిపోయిందేమో సరిచూడమని రెండు బ్రాంచీలకీ పంపారు. పాలకొల్లు బ్రాంచిలో మిషన్ల చప్పుడు ఎక్కువ కనుక అక్కడి ఇన్‌ఛార్జి దాన్ని గట్టిగా చదివి వినిపించాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి భానోజీరావు గారి భార్య శేషారత్నం గారి నడుం కొలత మూడు ఊళ్ళలో తెలిసింది. ఆవిడ ఫోన్ చేసినప్పుడు భానోజీరావు గారు లేచి నిలబడి మాట్లాడారు. ఫోను పెట్టేసి కూడా చాలాసేపు నిలబడే ఉన్నారు.

"ఇది ఉల్లంఘన కిందికి రాదు," అన్నారు నిశ్చల్ గారు. "సంస్థాంతర్గత పంపిణీ కిందికి వస్తుంది."

జాబితాలో ఎక్కితే ఏమవుతుందో నాకు అప్పుడు తెలిసింది. అదే రోజున డెలివరీ పుస్తకంతో పోల్చి చూసి నిశ్చల్ గారు ఒక పేరు పట్టుకున్నారు. ఎం. వకుళ, ముప్ఫై ఒక్క జాకెట్లు, కొలతలు ఎక్కడా లేవు. మాస్టారిని పిలిచారు.

"ఈవిడ కొలతలు ఏవి?"

"మరిచిపోయానండీ."

"మంచిదే. మన లక్ష్యం అదే. కానీ జాబితాలో నమోదు కాకుండా మరిచిపోవడం విధానపరంగా చెల్లదు. ఏం మరిచిపోయారో చెప్పండి. రాసుకుని, మరిచిపోయినట్టు ధ్రువీకరిస్తాం."

"మరిచిపోయాక ఎలా చెప్పనండీ?"

"గుర్తు చేసుకోండి."

భానోజీరావు గారు మాస్టారి చెయ్యి పట్టుకున్నారు. "ఒక్క జాకెట్టు కొలతలు చెబితే పోయేదేముంది మాస్టారూ? నాలుగు వందల మంది నర్సులు! ముప్ఫై మిషన్లకి పనండీ!"

"అవి నావి కావు కదా బాబూ, ఇచ్చేయడానికి," అన్నారు మాస్టారు.

గుర్తు వచ్చేవరకు ఆయన్ని పనిలోంచి ఆపేస్తూ ఉత్తర్వు తీశారు. దాని మీద దత్తాంశ రక్షణాధికారిణిగా నా సంతకం కూడా ఉంది. మాస్టారు టేపు చుట్టి, కత్తెర గుడ్డలో పెట్టి బల్ల మీద ఉంచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. నలభై ఒక్క ఏళ్ళు ఆ బల్ల దగ్గర నిలబడిన మనిషి అలా మెట్లు దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి ఏ పత్రమూ అక్కర్లేదు గనక ఏడిచాను.

ఇక మిగిలింది వకుళ గారినే పిలిపించి కొలతలు తీసుకోవడం. అదీ నా పనే. ఆదివారం రెండింటికి ఆవిడ వచ్చారు. సమ్మతికి సాక్షులు ఉండాలి కనుక ఇద్దరు గుమాస్తాలు నిలబడ్డారు. రక్షణ సక్రమంగా జరిగిందని చూపించడానికి గోడకి కెమెరా పెట్టారు. ఆవిడ గోడ వైపు తిరిగి ఉన్న బల్లని చూశారు, స్టూలుని చూశారు.

"మాస్టారేరీ?"

"మాన్పించారండీ. మీ కొలతలు చెప్పలేదని."

ఆవిడ పత్రం తీసుకుని మొదటి నుంచీ చదివారు. లెక్కల టీచరు కదా, వదలకుండా చదివారు. పద్నాలుగో గడి దగ్గర ఆగిపోయారు. 'కుడి ఎడమ కొలతల్లో తేడా ఉన్నట్లయితే: తేడా ఎంత, కారణం ఏమి.' సాక్షులిద్దరూ ఆవిడ చేతిలో పెన్ను వైపే చూస్తున్నారు.

"కొంచెం లోపలికొస్తావా అమ్మా," అన్నారు ఆవిడ నాతో. బట్టలు తొడిగి చూసుకునే గదిలోకి వెళ్ళి తెర వేశాం. అక్కడ కెమెరా లేదు.

"తొమ్మిదేళ్ళ కిందట ఆపరేషనయింది," అన్నారు, మామూలు గొంతుతోనే. "ఎడమ పక్క తీసేశారు. పాత జాకెట్లేవీ పనికిరాలేదు. స్కూలుకి ఎలా వెళ్ళాలో తెలీక ఇక్కడికొచ్చాను. మాస్టారు నా మొహం కూడా చూళ్ళేదు. ఇంటి దగ్గరే కొలుచుకుని చీటీ రాసి తెమ్మన్నారు. తెస్తే ఒక్కసారి చదివి, నా ఎదురుగానే ఇస్త్రీపెట్టె నిప్పుల్లో వేశారు. తర్వాత వారం జాకెట్టిచ్చారు. లోపల ఆ పక్క మెత్తగా ఏదో కుట్టారు. వేసుకుని బోర్డు మీద లెక్కలు చెప్పాను. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళకీ తెలీదమ్మా. మా డాక్టరు గారికి, మా ఆయనకి, మాస్టారికి తప్ప. ఇప్పుడు నీకు."

నాకు తల కొట్టేసినట్టయింది. మెళ్ళో బిళ్ళ ఉందని అప్పుడు గుర్తొచ్చి, తీసి కొంగులో దోపుకున్నాను.

"రాసుకో," అన్నారు ఆవిడ. "నా మూలంగా ఆయన ఇంట్లో కూర్చోవడం నాకిష్టం లేదు. పాలకొల్లులో చదివినా సరే."

పత్రం నా చేతిలో ఉంది. రాయకపోతే మాస్టారు రారు. రాస్తే ఏడు కాపీలు. టేపు తీసి, అద్దంలో చూసుకుంటూ, నా చుట్టూ నేనే చుట్టుకున్నాను. భుజం, చెయ్యి, ఛాతీ, పొడవు. నడుం దగ్గర టేపు కాస్త గట్టిగానే లాగాను. అన్నీ వకుళ గారి పేరు కింద రాసి, పద్నాలుగో గడిలో 'తేడా లేదు' అని పెట్టాను. ఆవిడ చదివి, నా మొహంలోకి చూసి, సంతకం చేశారు.

రెండు వేల మూడు వందల పదిహేడో పేరుతో జాబితా పూర్తయింది. విషయం దొరికింది గనక మాస్టారిని మళ్ళీ పిలిపించారు. నెల తిరిగాక ఆస్పత్రి తరఫున ఆడిటరమ్మ వచ్చి మరుపు పరీక్ష పెట్టారు. పేర్లు అట్టముక్కతో మూసి, కొలతలు మాత్రం చూపించి, ఇవెవరివో చెప్పమంటారు. చెబితే తప్పినట్టు. మొదటి తొమ్మిది పేర్లకీ మాస్టారు కళ్ళు కూడా ఆర్పకుండా "గుర్తులేదండీ" అన్నారు. పదోది, వకుళ గారి పేరుతో ఉన్నది. ఆయన కాగితం దగ్గరికి తీసుకుని చదివారు. కళ్ళజోడు మీంచి ఒకసారి నా వైపు చూశారు. నేను బీరువా వైపు చూశాను.

"ఇవి ఎవరివో బొత్తిగా గుర్తులేదండీ," అన్నారు.

"సంపూర్ణ విస్మృతి," అని ఆడిటరమ్మ రాసుకున్నారు. నిశ్చల్ గారు చప్పట్లు కొట్టారు.

ధ్రువపత్రం ఇప్పుడు ఫ్రేము కట్టి కౌంటరు మీద ఉంది. మరిచిపోయామనడానికి రుజువుగా ఆ జాబితాని పదేళ్ళపాటు భద్రపరచాలని నిశ్చల్ గారు వెళ్తూ వెళ్తూ చెప్పారు. బీరువాలోనే ఉంది. మర్నాడే ఆస్పత్రి నుంచి ఆర్డరు వచ్చింది. నాలుగు వందల మంది నర్సుల పేర్లు, ఫోన్ నంబర్లు, కొలతలు ఒకే జాబితాగా, నూట పన్నెండు మంది సభ్యులున్న ఒక ఫోన్ గ్రూపులో పెట్టారు. అందులో ఆస్పత్రికి మందులు తెచ్చే వ్యాను డ్రైవర్లు కూడా ఉన్నారు. వాళ్ళలో ఒకాయన దండం బొమ్మ పెట్టాడు.

ఆ సాయంత్రం మాస్టారు బల్లని గోడ దగ్గర్నుంచి పాత చోటికి జరుపుకుంటుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. ఆయన సుద్ద అరగదీసుకుంటూ, తల ఎత్తకుండా అన్నారు:

"నడుం రెండంగుళాలు తగ్గించి రాశావమ్మా."

పరీక్ష పాసైన మనిషి ఆ మాట అనకూడదు. అధికారిణిగా నేను వెంటనే దాన్ని నమోదు చెయ్యాలి. పెన్ను ఎక్కడ పెట్టానో ఎంత వెతికినా కనబడలేదు.

ఆ వచ్చిన ఆదివారం, సాక్షులిద్దర్నీ టీకి పంపించి, కెమెరా మీద ఒక లైనింగు గుడ్డ ఆరేశాను. రెండు గంటలకి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మాస్టారు గుడ్డసంచి ఒకటి బల్ల చివరికి జరిపి, మళ్ళీ కత్తెర అందుకున్నారు. సంచి వెళ్ళిపోయింది. చెప్పుల చప్పుడు మెట్లు దిగింది. నేను దత్తాంశ రక్షణ రిజిస్టరు తెరిచి, ఆ రోజు రెండు గంటల గడిలో 'ఎవరూ రాలేదు' అని రాసి, పూర్తి పేరుతో సంతకం పెట్టాను.